ఊఁ కొట్టే పాఠం

పద్నాలుగో భాగం

పోయిన వారం స్వరూపను మాదన్నపేట మార్కెట్లో, వంకాయల బండి పక్కన, చెవికి ఫోను ఆనించుకుని ఉండగా వదిలేసి వచ్చాం. ఆ ఫోను జర్మనీ నుంచి. మాట్లాడింది బేబీ. స్వరూప దగ్గర జర్మన్ భాష నేర్చుకుని, అక్కడ ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా చేరిన సైదాబాద్ అమ్మాయి. పొద్దున్నే డ్యూటీ మారేటప్పుడు సీనియర్ నర్సు గబగబా ఏదో చెప్పింది. బేబీ తల ఊపి "యా, యా" అంది. యా అంటే అవును. ఆవిడ చెప్పిందేమిటంటే, కిటికీ పక్క మంచం మీది పెద్దాయనకు మింగుడు పడటం లేదు, రొట్టె పెట్టొద్దు అని. బేబీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దాయన ఆకలి చూపు చూస్తున్నాడని రొట్టె ముక్క పాలలో తడిపి ప్రేమగా తినిపించింది. గొంతుకు అడ్డం పడింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు గాని ప్రాణం దక్కలేదు. "యా అన్న మేడం, సమఝ్ గాకున్నా యా అన్న" అని బేబీ అదే మాట తిప్పి తిప్పి అంటూ ఉండగానే లైను తెగిపోయింది.

ఆ తర్వాత ఏడుపు వస్తుందని స్వరూప కాసేపు ఎదురుచూసింది. రాలేదు. బండివాడు "కిత్నా దూఁ మేడం?" అంటే అరకిలో తూయించుకుని ఇంటికి నడిచింది. పన్ను పీకే ముందు డాక్టరు చిగుళ్ళకు మత్తు సూది ఇస్తే పెదవి మనది కాకుండా పోతుంది చూడండి, అప్పటి నుంచి ఆమె మనిషంతా అలాగే ఉంది. వండుతోంది, తింటోంది, క్లాసుకు పోతోంది, వస్తోంది. మొన్న అత్త ఆండాలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "ఏందే, పప్పుల ఉప్పే ఎయ్యలేదు, నువ్వెట్ల తింటున్నవే తల్లీ?" అని అడిగే దాకా, తన పళ్ళెం ఖాళీ అయిన సంగతి కూడా ఆమె గమనించలేదు. ఇంత జరిగినా బాధ పుట్టనందుకు తన మీద తనకే సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా పక్కింటివాళ్ళది అన్నట్టు ఎక్కడో దూరంగా ఉంది.

ఇక మన క్లాసు సంగతి. రామ్‌చందర్ పాల దుకాణం మీద ఒకే ఒక్క గది. గది ముందు బేబీ బ్యాచ్ అమ్మాయిల ఫోటోలతో ఒక ఫ్లెక్సీ. "అందరూ సెలెక్ట్" అని దాని మీద ఇంతింత అక్షరాలు. క్లాసు యజమాని పురుషోత్తం. నయాపూల్ దగ్గర బస్సు టికెట్లు అమ్ముకుంటున్నవాడు, నర్సులకు జర్మనీలో మస్తు గిరాకీ ఉందని ఎవరో చెప్పగానే విద్యాదాత అవతారం ఎత్తాడు. అతనికి జర్మన్ ముక్క రాదు. పాఠాలన్నీ స్వరూపవే. ముఖ్యంగా వినడం నేర్పే పాఠం ఆమెదే. ఆమె యూనివర్సిటీలో జర్మన్ చదువుకుంది గాని, ఆ దేశం మొహం ఎన్నడూ చూడలేదు.

ఊఁ కొట్టే పాఠం ఎలా పుట్టిందో తెలియకపోతే ఇవాళ్టి కథ తలకెక్కదు. బేబీ కంటే ముందు బ్యాచ్ అమ్మాయిలు పరీక్షయితే ఎలాగో పాసయ్యారు. ఆశ్రమాల వాళ్ళు వీడియోలో చేసిన ఇంటర్వ్యూలో మాత్రం వరసగా తప్పారు. భయంతో బిగుసుకుపోయి, గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నారట. "ఈ పిల్లలు మేం చెప్పేది వింటున్నట్టే లేదు" అని అవతలివాళ్ళు రాశారు. పురుషోత్తం తల పట్టుకున్నాడు. అప్పుడు స్వరూపకు తట్టింది. మన ఇళ్ళల్లో కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొడతారు. కొట్టకపోతే చెప్పేవాళ్ళు అక్కడికక్కడే ఆపేస్తారు. అదే పని జర్మన్‌లో చేయిస్తే?

చేయించింది. గొంతు దిగినచోట "యా" అనాలి. కాస్త పెద్దగా ఆగినచోట "గెనావ్" అనాలి. కళ్ళు వెడల్పు చేయాలి, తల మెల్లగా ఊపాలి, పెదవి మీది నవ్వు చెదరకూడదు. మళ్ళీ చెప్పమని అడగడం మాత్రం వద్దే వద్దు, అడిగితే భాష రాదనుకుంటారు. వారాల తరబడి ఇదే సాధన. బేబీ బ్యాచ్ మొత్తం సెలెక్ట్ అయింది. పురుషోత్తం ఆ గల్లీ అంతా మిఠాయి పంచాడు. వినడం నేర్పాల్సింది పోయి విన్నట్టు కనిపించడం నేర్పుతున్నానన్న ఆలోచన ఆ రోజు స్వరూపకు రాలేదు. మిఠాయి తినేవాళ్ళకు అసలే రాదు.

ఇవాళ పొద్దున్నే పురుషోత్తం ఫోన్ చేశాడు.

"బేబీ మీద ఎంక్వైరీ షురూ అయిందమ్మా. ఆడి ఆశ్రమం మేడం ఎవరో నీతోని మాట్లాడుతదట. నువ్వు ఒక్కటే మాట అను. సమఝ్ గాకుంటే మళ్ళ అడుగుమనే నేర్పినం అను. గంతే."

"మనం గట్ల నేర్పలేదు గద సార్."

"ఇప్పుడు గా లొల్లి ఎందుకు? మనం తప్పు నేర్పినమని తెలిస్తే ఈ బ్యాచ్ పిల్లల కాగితాలన్నీ ఆడ్నే ఆగుతయ్. ఒక్కదాని కోసం అందరిని ముంచుతవా? బేబీ సంగతి ఫికర్ చెయ్యకు. తర్వాత ఏమన్న చేద్దాం."

ఆ "తర్వాత" ఎలా ఉంటుందో స్వరూపకు తెలుసు. బేబీ అక్కడ ఒకటే మాట మీద నిలబడి ఉంది. నాకు అర్థం కాలేదు, అర్థం కాకపోయినా అవుననమని మా టీచర్ నేర్పింది అని. అది నిజమని తేలితే మళ్ళీ శిక్షణ ఇచ్చి పనిలో ఉంచుకుంటారు. అబద్ధమని తేలితే, అర్థమై కూడా నిర్లక్ష్యం చేసి మనిషిని చంపినట్టు లెక్క. ఇక జన్మలో నర్సు పని ఉండదు, పైన పోలీసు కేసు. తేల్చగల సాక్షి ఒక్క స్వరూపే. ఇటు క్లాసులో ఎదురుగా కూర్చున్న అమ్మాయిలు, అటు బేబీ. ఎటో ఒకటి తేల్చుకోవాలంటే ముందు మనసుకు ఏదో ఒకటి అనిపించాలి కదా. ఆమెకు ఏమీ అనిపించడం లేదు.

క్లాసు సగంలో ఉండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. గుమ్మంలో బేబీ తల్లి సుందరమ్మ నిలబడి ఉంది. ఆమె సైదాబాద్‌లో ఒక సర్కారు బడిలో ఆయా. పని మధ్యలో నుంచి సరాసరి వచ్చినట్టుంది, కొంగు ఇంకా నడుముకు దోపుకునే ఉంది.  జుట్టు పట్టుకుంటుందో, మన్ను పోస్తుందో అని అమ్మాయిలందరి చూపూ స్వరూప మీదికి పోయింది. పట్టుకుంటే బాగుండును, నొప్పైనా పుడుతుంది అనుకుంది స్వరూప.

సుందరమ్మ జుట్టు పట్టుకోలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చింది.

"కూసోవచ్చా టీచరమ్మా?"

"రండమ్మా. కూసోండి."

"పన్నెండు గొట్టంగ నా ఫోనుకే చేస్తరట. బేబీ చెప్పింది. టీచరమ్మ పక్కన నువ్వు ఉండమ్మా అన్నది." సుందరమ్మ గోడ గడియారం చూసింది. "ఇంక జర టైమున్నది. అందాక నాకొక పని చేసిపెట్టు. నా బిడ్డకు ఏం నేర్పినవో, గదే నాకు నేర్పు."

"మీకా?"

"నాకే. బేబీ ఏం చెప్తున్నదో నాకు సమఝ్ అయితలేదు. ఊఁ గొట్టుడు నేర్పిండ్రు అమ్మా, ఊఁ గొట్టిన అంటది. ఊఁ గొడితే మనిషెట్ల సస్తడు? మా ఆయన భిక్షపతి అయితే, పోరి ఏందో దాస్తున్నది అంటుండు. కన్న తండ్రే నమ్ముతలేడు. నేను నమ్మాల్నంటే నాకు తెల్వాలె గద."

స్వరూప వద్దనలేదు. వద్దనడానికి కూడా ఒంట్లో కొంత ప్రాణం ఉండాలి. ముందు వరసలోని స్వీటీ లేచి తన కుర్చీని గది మధ్యలోకి జరిపింది. ఆ బ్యాచ్‌లో నోరు ఎక్కువ, మార్కులు తక్కువ ఉన్న పిల్ల స్వీటీ. సుందరమ్మ వాళ్ళ గల్లీయే. ఊఁ పాఠంలో ఎన్నిసార్లు కుర్చీలో కూర్చోబెట్టి సాధన చేయించినా ఏదో ఒకచోట మొహం చిట్లించి మార్కులు పోగొట్టుకుంటుంది.

"గీ కుర్చీల కూసో ఆంటీ. పరేషాన్ గాకు. మేమందరం రోజూ గిట్లనే కూసుంటం."

సుందరమ్మ కుర్చీలో కూర్చుంది. స్వరూప రోజూ చెప్పేదే చెప్పింది. గొంతు దిగితే యా అనాలి, ఎక్కువ ఆగితే గెనావ్ అనాలి, నవ్వు తీయకూడదు. చెబుతుంటే తన గొంతు తనకే రైల్వే స్టేషన్లో మైకులా వినిపించింది. "యా. గెనావ్" అని సుందరమ్మ రెండుసార్లు నోటికి అలవాటు చేసుకుంది. స్వరూప ఫోనులో రికార్డింగు నొక్కింది.

బల్ల మీది స్పీకరు లోంచి ఒక ముసలావిడ గొంతు వచ్చింది. సన్నని గొంతు, కొంచెం వణుకు. సుందరమ్మ ముందుకు వంగింది. ముసలావిడ గొంతు కాస్త దిగింది. "యా" అంది సుందరమ్మ. మళ్ళీ దిగింది. "యా, యా" అంది, కళ్ళు పెద్దవి చేసి. ముసలావిడ ఏదో అడిగినట్టు గొంతు పైకి లేపితే సుందరమ్మ కనుబొమలు కూడా పైకి లేచాయి. అది ఎవరూ చెప్పలేదు, దానంతటది వచ్చింది. ఆవిడ ఆగి ఊపిరి పీల్చుకుంది. "గెనావ్" అంది సుందరమ్మ తల ఊపుతూ. పెదవి మీద నవ్వు అలాగే ఉంది, దయగా, ఓపికగా. ఏ ఆశ్రమం వాళ్ళు చూసినా ఈమెను ఇవాళే పంపండి అంటారు.

అమ్మాయిలకు మొదట నవ్వొచ్చింది, తర్వాత ఆశ్చర్యం వేసింది. రికార్డింగు అయిపోగానే చప్పట్లు కొట్టారు.

"ఆంటీ, జబర్దస్త్! నువ్వు ఏడ నేర్చినవ్ గిదంత?" అంది స్వీటీ.

"ఏడ నేర్చుడేంది బిడ్డా. మా హెడ్మాస్టరు ఇంగ్లీషుల తిడుతుంటే నేను గిట్లనే గద తలకాయ ఊపేది." సుందరమ్మ స్వరూప వైపు తిరిగింది. "మంచిగ చేసిననా టీచరమ్మా?"

"చేసిండ్రు."

"మార్కులు ఎన్నేస్తవ్?"

స్వరూప అబద్ధం చెప్పలేకపోయింది. "పదికి తొమ్మిది."

"నా బిడ్డకు ఎన్నేసినవ్?"

"తొమ్మిదే."

సుందరమ్మ తల పంకించింది. నవ్వు ఇంకా మొహం మీది నుంచి పూర్తిగా పోలేదు. "ఇగ చెప్పు. గా ముసలామె ఏమన్నది?"

 కింద రామ్‌చందర్ దుకాణంలో పాల క్యాన్లు కడుగుతున్న చప్పుడు పైకి వినిపించింది. సుందరమ్మ అమ్మాయిల వంక చూసింది. ఒకరు ఒకరి మొహం చూసుకున్నారు. రోజూ వినే రికార్డింగు అది. ఎక్కడ యా అనాలో, ఎక్కడ గెనావ్ అనాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

"చెయ్యి... చెయ్యి అని ఏదో అన్నది ఆంటీ" అంది స్వీటీ. "ఇంకేదో గూడ అన్నది. నాకు గక్కడనే మొహం ఆగదు. గా మాట సమఝ్ చేసుకుందామని చూస్తుంటే యా అనుడు మర్చిపోత. గందుకే మార్కులు పోతయ్."

స్వరూప ఆ పిల్ల వంక చూసింది. స్వీటీకి మార్కులు ఎందుకు పోతున్నాయో ఇన్నాళ్ళూ ఆమె అడగలేదు.

"నువ్వు చెప్పు టీచరమ్మా" అంది సుందరమ్మ.

స్వరూప రికార్డింగు మళ్ళీ పెట్టింది. ఒక్కొక్క వాక్యానికి ఆపి, తెలుగులో చెప్పింది. వార్తలు చదివినట్టు చదివింది.

"రాత్రి నుంచి నా ఎడమ చేతిలో బలం లేదు అమ్మాయీ."

"గప్పుడు నేను యా అన్న" అంది సుందరమ్మ.

"మాట కూడా సరిగ్గా తిరగడం లేదు. రాత్రి వచ్చిన అమ్మాయికి చెప్పాను. సరేనంది, వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు."

"యా, యా అన్న."

"డాక్టరుకు చెబుతావా? మర్చిపోవు కదా?"

 స్వరూప ఆఖరి వాక్యం నొక్కింది.

"నాకు భయంగా ఉంది."

"గప్పుడు... నవ్వుకుంట ఇంకోటి అన్న గద నేను." సుందరమ్మ కుర్చీలో వెనక్కి జరిగింది. మొహం మీది నవ్వు అప్పటికి పోయింది. "యేసుప్రభూ. ఆమె భయమైతుందంటే నేను నవ్విన."

 వెనక వరసలో ఒక అమ్మాయి చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. స్వరూప తన కళ్ళు కూడా తడిశాయేమోనని చేత్తో చూసుకుంది. పొడిగానే ఉన్నాయి.

సుందరమ్మ గొంతు తగ్గించి, ఎవరితోనో ఇంట్లో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది. "చిన్నప్పుడు పండుకునేటప్పుడు దీనికి కథ చెప్తుంటి. ఊఁ గొట్టాలె, లేకుంటే చెప్ప అంటుంటి. కథ ఆగుతదేమో అని పోరి సగం నిద్రల గూడ ఊఁ అంటనే ఉండేది. గని గా ఊఁ పల్చగైతది టీచరమ్మా. తల్లిని గద, నాకు ఎరికైతది. ఇది ఇంటలేదు, పండుకున్నది అని దుప్పటి గప్పుతుంటి. మరి ఆ దేశపోళ్ళకు ఎట్ల ఎరికైతది? వాళ్ళేమన్న దాని తల్లులా?"

స్వరూప తన ఫోనును బల్ల మీద బోర్లించింది.

"నేను లొల్లి వెట్టుకోనీకి రాలే. నువ్వు చెడగొట్టాల్నని నేర్పలేదు, గది నాకు తెలుసు. నా బిడ్డ నౌకరీ చేసుకోవాల్ననే నేర్పినవ్. అబద్ధం చెప్పుమని గూడ అడుగుతలేను. ఇప్పుడు నాకు ఏం చూపించినవో గదే చెప్పు వాళ్ళకు. ఊఁ గొట్టుమని నేనే నేర్పిన అని ఒక్క మాట. భిక్షపతికి నేను జెప్పుకుంట. ఆళ్ళకు నువ్వు జెప్పు."

అప్పుడు స్వరూపకు తేలిపోయింది. ఏడుపుతో కాదు, గుండె కరిగీ కాదు. చెప్పాల్సింది ఇదే, ఇంకోటి లేదు అని అర్థమైంది, అంతే. పురుషోత్తం మొహం ఎదుట మెదిలింది గాని భయం పుట్టలేదు. మొద్దుబారిన మనిషికి ఆ ఒక్క సుఖం ఉంది. ఈ అమ్మాయిల కాగితాలు ఆగితే ఆగుతాయి. వీళ్ళకు మొదటి నుంచి మళ్ళీ నేర్పాలి. వీళ్ళ చేతుల్లోనూ ఎవరో ఒక ముసలి ప్రాణం పెడతారు కదా.

"చెప్త అమ్మా" అంది.

సుందరమ్మ ఆమె చేయి పట్టుకుని నొక్కింది. అంతలోనే ఫోను మోగింది.

వీడియోలో ముందు బేబీ కనిపించింది. మొహం వాచి ఉంది. "అమ్మా" అని మాత్రం అంది, వెంటనే ఎవరో ఆమెను పక్కకు జరగమన్నారు. పొట్టి తెల్లజుట్టు, కళ్ళజోడు ఉన్న ఒక మేడం వచ్చి కూర్చుంది. ఆమె పక్కన ఒకాయన కాగితాలు ముందేసుకుని ఉన్నాడు. గొంతు సరిగ్గా వినిపించడం లేదని స్వీటీ లేచి సుందరమ్మ ఫోనును బల్ల మీది స్పీకరుకు కలిపింది. గది నిండా ఆ మేడం గొంతు పరుచుకుంది. స్వరూప ఫోను ముందు నిటారుగా కూర్చుంది.

చెప్పాల్సిన మాటను ఆమె అప్పటికే జర్మన్‌లో లోపల కూర్చుకుంటోంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. అర్థం కాకపోయినా అవుననమని నేర్పింది నేను. ఒక్కదానికే కాదు, అందరికీ నేర్పాను. ఎక్కడా తడబడకూడదు. ఇంత పెద్ద మాట చెప్పేటప్పుడు తప్పులు దొర్లితే అసలు టీచరే ఇలా ఉందని వాళ్ళు పట్టించుకోరు. "నేర్పాను" అనడమా, "సాధన చేయించాను" అనడమా? రెండోదే బాగుంటుంది. మేడం మాట్లాడుతూనే ఉంది. గొంతు దిగింది.

"యా" అంది స్వరూప.

ముందు "క్షమించండి" అని మొదలుపెట్టాలా? వద్దు, పెద్దాయన ఇంటివాళ్ళకు కదా క్షమాపణ చెప్పుకోవాల్సింది. ముందు నిజం చెప్పాలి. క్షమాపణ ఆ తర్వాత. మేడం గొంతు కొంచెం పైకి లేచి, నిలిచి, మళ్ళీ దిగింది. పక్కనాయన పెన్ను ఎత్తాడు.

"యా."

మేడం కళ్ళజోడు సర్దుకుంది. ఇంకోసారి, ఈసారి నెమ్మదిగా, ఏదో అంది. తర్వాత ఆగింది. పెద్దగానే ఆగింది. ఇది ముగియగానే నా వంతు, వాక్యం సిద్ధంగా ఉంది అనుకుంది స్వరూప.

"గెనావ్."

మేడం పక్కనాయన వైపు చూసింది. ఆయన ఏదో రాసుకున్నాడు. మేడం మర్యాదగా తల వంచి "ఫీలెన్ డాంక్" అంది. చాలా థాంక్స్ అని. తెర నల్లబడింది.

లైను తెగిందనుకుంది స్వరూప. మళ్ళీ కలుస్తుందని నాలుగైదు క్షణాలు అలాగే కూర్చుంది. చెప్పాల్సిన మాట ఇంకా నాలుక మీదే ఉంది. సుందరమ్మ ఆశగా ముందుకు వంగింది.

"చెప్పినవా? అయిపాయెనా? గింత జల్ది?"

స్వరూప నోరు తెరిచింది. తాను ఏమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. మేడం ఏమడిగిందో గుర్తు చేసుకోవాలని చూసింది. గొంతు దిగిన చోట్లు గుర్తున్నాయి. ఆగిన చోటు గుర్తుంది. మాట ఒక్కటీ లేదు.

"మేడం."

స్వీటీ లేచి నిలబడింది.  చేతిలో చున్నీ కొసను మెలిపెడుతోంది.

"నాకు సమఝ్ అయింది మేడం. ఇయ్యాల నేను యా అనాల్సిన పని లేకుండె గద, ఉత్తగ ఇన్న." సుందరమ్మ వైపు ఒకసారి చూసింది. "మొదాల తన పేరు జెప్పింది. ఆశ్రమం పేరు జెప్పింది. టీచర్ మీరేనా అని అడిగింది. మీరు యా అన్నరు."

"తర్వాత?" అంది స్వరూప. ఆ మాట బయటికి వచ్చిందో లేదో ఆమెకే తెలియదు.

"తర్వాత... అర్థం గాకున్నా అవుననుమని మీరే నేర్పిండ్రని బేబీ అక్క చెప్తున్నది, గది అబద్ధమా అని అడిగింది. మీరు యా అన్నరు." స్వీటీ చున్నీ కొస వదిలేసింది. "మళ్ళొక్కసారి మెల్లగ అడిగింది మేడం. బేబీ అబద్ధం ఆడుతున్నదని రాసుకుంటున్నం, గంతేనా అని. మీరు గెనావ్ అన్నరు."

సుందరమ్మ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. అరవలేదు. చాలా మెల్లగా స్వీటీని అడిగింది.

"ఇందాక నేన్గూడ గదే అన్న గద బిడ్డా. గెనావ్ అంటే ఏంది?"

"సరిగ్గ గంతే అని, ఆంటీ."

ఆ క్షణాన స్వరూపకు భయమేసింది.  ఇన్ని రోజుల తర్వాత తన ఒంటికి పుట్టిన మొదటి స్పర్శ అదే. ఫోను అందుకుని ఆ నంబరుకే తిరిగి చేయబోయింది. ఆమె వేలు ఆనేలోపే ఫోను బల్ల మీద మోగింది. తెర మీద నర్సు తెల్లబట్టల్లో నవ్వుతున్న బేబీ ఫోటో.

సుందరమ్మ చేయి ఫోను దాకా పోయి ఆగింది. ఎత్తలేదు. వేళ్ళతో మెల్లగా దాన్ని స్వరూప ముందుకు జరిపింది.

"నువ్వెత్తు టీచరమ్మా. నా బిడ్డ ఏమంటదో ఈసారన్న జర ఇను."